యూఎస్‌బీ మైనర్ 40 నిమిషాలకోసారి జోంబీ అవుతోంది. వైజాగ్‌లో ఎవరైనా నడుపుతున్నారా?

లాసన్స్‌బే టీచరమ్మ

ముందే ఒక మాట. బిట్‌కాయిన్ తవ్వే ఈ యూఎస్‌బీ స్టిక్‌తో డబ్బు రాదని నాకు తెలుసు. లెక్క నేనే వేసుకున్నాను. నా స్టిక్ సెకనుకు 235 గిగాహ్యాష్‌లు, అంటే 23,500 కోట్ల ప్రయత్నాలు చేస్తుంది. బిట్‌కాయిన్ డిఫికల్టీ (బహుమతి తెచ్చే బ్లాక్ దొరకడం ఎంత కష్టమో చెప్పే అంకె) 100 లక్షల కోట్లు అనుకుని, దాన్ని రెండు టు ది పవర్ 32తో హెచ్చవేసి నా వేగంతో భాగిస్తే, ఒక్క బ్లాక్ దొరకడానికి సగటున 58 వేల ఏళ్లు పడుతుంది. కాబట్టి "మేడమ్, ఇదంతా వేస్టు" అని రాయబోతున్న వాళ్లు ఆ టైములో వెళ్లి టీ తాగి రండి. నాకు కావలసింది అది ఆగకుండా నడవడం, అంతే.

వస్తువు గెక్కోసైన్స్ కాంపాక్ ఎఫ్. మా అక్క కొడుకు పుణెలో ఉద్యోగానికి వెళ్తూ "పిన్నీ, నువ్వు ఫిజిక్స్ చెప్తావు కదా, ఆడుకో" అని నా చేతిలో పెట్టిపోయాడు. లోపల ఒకే ఒక్క చిప్పు, బీఎం1397. ఆంట్‌మైనర్ ఎస్17 అనే పెద్ద మైనింగ్ పెట్టెల్లో బోర్డుకి వరసగా పేర్చే చిప్పు ఇదే. దీన్ని రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో నడుపుతున్నాను (ఇకమీదట 'పై' అంటే ఇదే). స్టిక్‌కి కరెంటు ఆ బోర్డు నుంచి కాదు, వేరే అడాప్టరున్న ఏడు పోర్టుల హబ్ నుంచి వస్తుంది. అడాప్టర్ మీద 5 వోల్టులు, 4 ఆంపియర్లు అని రాసుంది. సాఫ్ట్‌వేర్ కానో వాళ్ల సీజీమైనర్. పూల్ (మైనర్‌కి పని ఇచ్చే సర్వర్) సోలో సీకేపూల్. యూజర్ నేమ్ దగ్గర నా బిట్‌కాయిన్ అడ్రస్, పాస్‌వర్డ్ దగ్గర ఒక ఎక్స్.

మొదటిరోజు అసలు కనిపించనే లేదు. తగిలించిన యూఎస్‌బీ వస్తువుల్ని చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొడితే లిస్టులో ఉంటుంది, సీజీమైనర్ మాత్రం డివైస్ లేదంటుంది. సుడో పెట్టి, అంటే అడ్మిన్ హక్కుతో నడిపితే దొరికింది, అంటే పర్మిషన్ గొడవ. సీజీమైనర్ ఫోల్డర్‌లోనే ఉన్న యూడెవ్ రూల్స్ ఫైలుని దాని చోట కాపీ చేసి, స్టిక్ పీకి మళ్లీ గుచ్చితే సుడో అక్కర్లేకుండా పోయింది. ఆ గండం గడిచింది.

ఇప్పటి గొడవ వేరు. ఫ్రీక్వెన్సీ 350 మెగాహెర్ట్జ్ పెట్టాను. చిప్పులో 672 కోర్‌లు, 350తో గుణిస్తే సరిగ్గా 235 గిగాహ్యాష్‌లు. మొదటి పావుగంట తెర మీద ఆ అంకే కనిపిస్తుంది. తర్వాత 200 కిందికి జారుతుంది. ముప్పావుగంట లోపు పక్కన జోంబీ అని పడుతుంది, అంటే స్టిక్ పలకడం మానేసిందని. కాసేపటికి దానంతటదే లేచి, కొత్త నంబరుతో మళ్లీ చేరుతుంది. రాత్రి పదింటికి జీఎస్ఎఫ్ 0తో (సీజీమైనర్ స్టిక్‌కి ఇచ్చే పేరు, వరస నంబరు) మొదలుపెట్టి పడుకుంటే, పాలబ్బాయి బెల్లు కొట్టే వేళకి జీఎస్ఎఫ్ 11.

చేసి చూసినవి: పై అడాప్టర్ మార్చాను. కార్డు తుడిచేసి సిస్టమ్ మొత్తం మళ్లీ ఎక్కించాను. ఎదురుగా ఫ్యాన్ పెట్టాను, హీట్‌సింక్ చేత్తో ముట్టుకోగలిగేటంతే ఉంది. ఫ్రీక్వెన్సీ 250కి దించితే రెండు గంటలకు పైగా నిలుస్తోంది గానీ చివరికి అదే కథ. స్టిక్కే పోయిందంటారా?

మధురవాడ కుర్రాడు

టీ తాగి వచ్చానండి 🙂 ఒక ముక్క మాత్రం చెప్పి వెళ్తాను. పొరపాటున బ్లాక్ తగిలితే 2024 ఏప్రిల్ హాల్వింగ్ (బ్లాక్ బహుమతి సగానికి తగ్గడం) తర్వాత వచ్చేది 3.125 బిట్‌కాయిన్‌లు. అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. మైనింగ్‌కి అయిన కరెంటు బిల్లు ఖర్చు కింద చూపించుకోవడానికి కూడా లేదు. 58 వేల ఏళ్ల తర్వాత ఆడిటర్‌ని పట్టుకోండి.

ఇక మీ సమస్య. నాకు వోల్టేజ్ అనిపిస్తోంది. సాయంత్రం ఏడు దాటితే మా వైపు అందరూ ఏసీలు వేస్తారు, లైట్లు కూడా డిమ్ అవుతాయి. ఒక స్టెబిలైజర్ కొని హబ్ అడాప్టర్ దానికి పెట్టండి.

నా అనుభవం ఇంకా దారుణం. నేను సరదాపడి పాత బ్లాక్ ఎరప్టర్ కొన్నాను, 2013 నాటిది, 333 మెగాహ్యాష్‌లు. మీ దాంట్లో ఏడువందల వంతు. పూల్‌కి తగిలించి కూర్చుంటే రోజంతా ఒక్క షేర్ (పని చేస్తున్నట్టు పూల్‌కి పంపే చిన్న ఫలితం) కూడా పోలేదు. పాడైందనుకుని అమ్మినవాడితో వాట్సాప్‌లో పెద్ద యుద్ధం చేశాను. తీరా చూస్తే పూల్ ఇస్తున్న డిఫికల్టీ 10,000. ఆ వేగానికి ఒక్క షేర్ తగలాలంటే సగటున ఒకటిన్నర రోజు. పాపం ఆయన తప్పేం లేదు, నేనే సారీ చెప్పాను.

కూర్మన్నపాలెం మాస్టారు

స్టెబిలైజర్ కొనకండమ్మా, డబ్బు దండగ. మీ అడాప్టర్ వెనక చూడండి, 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. లైన్లో 180కి పడినా అది ఇచ్చే 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. పైగా మీది తెల్లవారుజామున కూడా ఆగుతోందంటున్నారు. ఆ టైముకి ఎవడి ఏసీ వల్ల?

ముప్పై ఏళ్లు ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేశాను. కంప్లయింటు వస్తే వెళ్లేసరికి కుర్రోళ్లు కార్డు మార్చేసి ఉంటారు, ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించేసి ఉంటారు. వైరు మాత్రం ఎవడూ చూడడు. మీరూ అంతే. అడాప్టర్ గురించి రాశారు, ఫ్యాన్ గురించి రాశారు, పాలబ్బాయి గురించి కూడా రాశారు. హబ్‌కీ స్టిక్‌కీ మధ్య ఏముందో రాయలేదు. స్టిక్ హబ్‌లోనే గుచ్చి ఉందా? ఇంట్లో ఎక్కడ పెట్టారు?

ఫ్రీక్వెన్సీ దించితే ఎక్కువసేపు నిలుస్తోందంటే స్టిక్ మంచిదే. కూడు చాలట్లేదు దానికి.

లాసన్స్‌బే టీచరమ్మ

మాస్టారూ, దొరికిపోయాను.

పై, హబ్ హాల్లో టీవీ వెనక ఉన్నాయి. స్టిక్, ఫ్యాన్ బాల్కనీలో ఉన్నాయి. మధ్యలో మీటరున్నర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్, కిటికీ సందులోంచి. ఆ ఫ్యాన్ మోతకి మా అత్తగారి సీరియల్ వినిపించట్లేదట. సీజీమైనర్‌కి దొరికాక మొదటి రెండురోజులు హాల్లోనే పెట్టాను, బాగానే నడిచింది. మూడోరోజు ఇంటి శాంతి కోసం బయటికి పంపాను. ఈ మాట రాస్తుంటేనే నాకు అర్థమవుతోంది, అయినా మీరు తిట్టండి.

సీతమ్మధార

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది విండోస్. డివైస్ మేనేజర్‌లో కామ్ పోర్ట్ అని చక్కగా కనిపిస్తోంది, సీజీమైనర్ మాత్రం చూడట్లేదు. డ్రైవర్ మూడుసార్లు ఎక్కించాను.

మధురవాడ కుర్రాడు

ఆ డ్రైవర్ ఎక్కించడమే తప్పు గురూ. సీజీమైనర్‌కి కామ్ పోర్ట్ అక్కర్లేదు, నేరుగా యూఎస్‌బీతో మాట్లాడుతుంది. జాడిగ్ అనే చిన్న ప్రోగ్రామ్ దింపుకుని, అందులో మైనర్‌ని ఎంచుకుని విన్‌యూఎస్‌బీ డ్రైవర్ పెట్టు. ఎంచుకునేటప్పుడు జాగ్రత్త, నేను ఒకసారి కీబోర్డుకి పెట్టేశాను. కామ్ పోర్ట్ మాయమైపోతుంది, కంగారు పడకు.

కూర్మన్నపాలెం మాస్టారు

తిట్టను గానీ టీచరమ్మా, ఓమ్స్ లా పదో తరగతి పాఠమే కదా.

షాపుల్లో దొరికే సన్న యూఎస్‌బీ కేబుల్‌లో పవర్ తీగలు కూడా చాలాసార్లు 28 గేజ్‌వే ఉంటాయి. 28 గేజ్ రాగి తీగ మీటరుకి 0.21 ఓమ్. మీటరున్నర కేబుల్ అంటే పోను మీటరున్నర, రాను మీటరున్నర, మొత్తం మూడు మీటర్లు. అంటే 0.64 ఓమ్. మీ స్టిక్ 350 దగ్గర 7 వాట్లు తింటుందనుకోండి, 5 వోల్టుల మీద 1.4 ఆంపియర్లు. 0.64 ఇంటూ 1.4, వోల్టుకి తొంభై పైసలు, అంటే 0.9 వోల్టు దారిలోనే పోయింది. హబ్ దగ్గర 5.1 ఉంటే స్టిక్ ముక్కు దగ్గర 4.2.

అక్కడితో ఆగితే పర్లేదు. ఇది బల్బు కాదు. బల్బుకి వోల్టేజ్ తగ్గితే కరెంటూ తగ్గుతుంది, కాస్త డిమ్‌గా వెలిగి ఊరుకుంటుంది. మీ స్టిక్‌లో బక్ కన్వర్టర్ (వోల్టేజ్ తగ్గించి చిప్పుకి ఇచ్చే సర్క్యూట్) ఉంది. దానికి 7 వాట్లు కావాలంటే కావాలి. వోల్టేజ్ తగ్గిన కొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. కరెంటు పెరిగితే కేబుల్‌లో ఇంకా పడుతుంది, పడితే ఇంకా లాగుతుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. పిన్నులు వేడెక్కి రెసిస్టెన్స్ ఇంకాస్త పెరిగేసరికి మీ నలభై నిమిషాలు అవుతాయి.

రెండోది, బాల్కనీ. లాసన్స్‌బేలో సముద్రం ఎదురుగా ఏదైనా పెట్టీడమేటి తల్లీ! అక్కడ గేటు గొళ్లేలే రెండేళ్లకి రాలిపోతాయి. ఆ ఉప్పు తేమ యూఎస్‌బీ పిన్నుల మీద పడితే పచ్చగా చిలుము కడుతుంది. కేబుల్ చివర టార్చి వేసి చూడండి.

నా మాట కూడా ఊరికే నమ్మొద్దు. యూఎస్‌బీ మీటర్ అని చిన్నది దొరుకుతుంది, వోల్టులూ ఆంపియర్లూ చూపిస్తుంది. డాబాగార్డెన్స్‌లో స్పేర్ పార్టుల షాపుల్లో అడగండి. హబ్ వైపు కాదు, కేబుల్ చివర, స్టిక్‌కి ముందు పెట్టి కొలవండి. అందరూ సప్లై దగ్గర కొలిచి అంతా బాగుందని రాసేస్తారు. లోడ్ దగ్గర కొలవాలి, అదీ నడుస్తున్నప్పుడు.

ఇంకోటి, పై అడాప్టర్ తీసేసినా హబ్ నుంచి పై వెలుగుతోందా చూడండి. కొన్ని చవక హబ్‌లు వెనక్కి కరెంటు తోస్తాయి. మీ ఇబ్బందికి కారణం అది కాదు, అయినా తెలుసుకుని ఉండడం మంచిది.

లాసన్స్‌బే టీచరమ్మ

ఆదివారం మీటర్ తెచ్చాను. మా ఆయన స్కూటర్ మీద కూర్చునే అడిగారు, "58 వేల ఏళ్లకి ఇంకో మూడొందలా?" అని.

బాల్కనీలో, కేబుల్ చివర, 350 మెగాహెర్ట్జ్ దగ్గర: 4.1 వోల్టులు, 1.7 ఆంపియర్లు.
హాల్లో, స్టిక్ నేరుగా హబ్‌లో: 5.05 వోల్టులు, 1.38 ఆంపియర్లు.

రెండు వరసలూ హెచ్చవేసి చూడండి మాస్టారూ. రెండుచోట్లా 6.97 వాట్లు! అక్షరాలా మీరు చెప్పినట్టే. వోల్టేజ్ తగ్గితే కరెంటు పెరుగుతుందని ఇన్నేళ్లలో పిల్లలకి ఒక్క లెక్క కూడా ఇవ్వలేదు నేను. పుస్తకంలో అన్నీ రెసిస్టర్లే కదా. రేపు పదో తరగతి బీ సెక్షన్‌కి ఈ రెండు వరసలూ బోర్డు మీద రాసి, తేడా ఎందుకొచ్చిందో వాళ్లనే చెప్పమంటాను. బిట్‌కాయిన్ అనే మాట మాత్రం ఎత్తను, తల్లిదండ్రుల మీటింగ్‌లో జవాబు చెప్పుకోలేను.

చిలుము కూడా నిజమే. కేబుల్ ఆడకొనలో నాలుగు పిన్నుల్లో రెండు పచ్చబడ్డాయి. పెట్టి మూడు వారాలే అయింది! స్టిక్ పిన్నులు ఇంకా పసుపుగానే ఉన్నాయి, మందుల షాపులో దొరికిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్ల పెట్టి తుడిచాను. కేబుల్ చెత్తబుట్టలో వేశాను. మా అత్తగారు తీసి మల్లెతీగ కట్టడానికి దాచుకున్నారు.

ఇప్పుడు స్టిక్ నేరుగా హబ్‌లో ఉంది. శుభ్రంగా 31 గంటలు. జీఎస్ఎఫ్ 0 అలాగే 0గా ఉంది, 234, 236 మధ్య ఆడుతోంది. బెస్ట్ షేర్ 90 లక్షలు. బ్లాక్‌కి కావలసింది 100 లక్షల కోట్లు, తెలుసు, తెలుసు.

మధురవాడ బాబుకి: కరెంటు కూడా లెక్కేశాను. స్టిక్, పై, ఫ్యాన్ కలిపి 15 వాట్లు. నెలకి 11 యూనిట్లు. మా స్లాబులో యూనిట్ 6 రూపాయలు, అంటే 66 రూపాయలు. నెలకి రెండు సినిమా సమోసాలు మానేస్తే సరి.

ఇక మిగిలింది ఫ్యాన్ మోత. అత్తగారు మళ్లీ వాల్యూమ్ పెంచారు.

కూర్మన్నపాలెం మాస్టారు

పాత కంప్యూటర్ క్యాబినెట్‌లో ఉండే 12 వోల్టుల 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ తీసుకుని 5 వోల్టుల మీద నడపండి. మెల్లగా తిరుగుతుంది, చప్పుడు ఉండదు, 7 వాట్లకి ఆ గాలి చాలు. కొన్ని ఫ్యాన్‌లు 5 వోల్టుల మీద వాటంతటవి తిరగడం మొదలుపెట్టవు, షాపులోనే పెట్టి చూసుకుని తెచ్చుకోండి. వైరు మాత్రం కాస్త లావుది వాడండి.

లాసన్స్‌బే టీచరమ్మ

స్కూల్ ల్యాబ్‌లో మూలన పడేసిన సీపీయూలు నాలుగున్నాయి. హెడ్‌మాస్టారిని అడిగి ఒకటి విప్పుతాను.