మాక్రాస్, రోబోటెక్ 18వ ఎపిసోడ్లు: షాట్లు జత కలిపేదెలా?

1985లో అమెరికా టీవీ కోసం మూడు వేరువేరు జపాన్ యానిమే (కార్టూన్) సిరీస్‌లను అతికించి 85 ఎపిసోడ్ల రోబోటెక్ తయారుచేశారు. వారానికి ఐదు రోజులు వేయాలంటే 65 ఎపిసోడ్లైనా కావాలి, ఆ మూడింటిలో మొదటిదైన మాక్రాస్‌లో ఉన్నవి 36 మాత్రమే. ఇంత కలిపినా మాక్రాస్‌లోని యుద్ధవిమాన పైలట్ రాయ్ ఫోకర్ మరణాన్ని మాత్రం తీసెయ్యలేదు. పిల్లల కార్టూన్‌లో అంత ముఖ్యమైన మనిషి నిజంగానే చనిపోవడం అక్కడి ప్రేక్షకుల్ని కట్టిపడేసిందని నా గట్టి నమ్మకం. అందుకే, రెండింటిలోనూ అతను చనిపోయే 18వ ఎపిసోడ్‌లో, జపాన్ కాపీతో పోల్చి ఏ షాట్ ఉంచారో, ఏది కోసేశారో పట్టిక వేస్తున్నాను.

రెండు కాపీల షాట్లను ఆడియోతో జత కలపడం కుదరదు. సంగీతం, మాటలు మార్చేశారు, పైగా వ్యాఖ్యానం చేర్చారు. షాట్ మారే చోట్లను (కట్‌లను) పట్టే పైసీన్‌డిటెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో థ్రెషోల్డ్ (ఎంత తేడా ఉంటే కట్ అనుకోవాలనే హద్దు) 27 పెడితే పేలుళ్ల మెరుపులు కూడా కట్‌లుగా వస్తున్నాయి, 40కి పెంచితే నిజమైన కట్‌లు కూడా పోతున్నాయి. జపాన్ కాపీ సెకనుకు 23.976 ఫ్రేములు, అమెరికా డీవీడీ 29.97 ఇంటర్‌లేస్డ్, టెలిసినీ (టీవీ వేగానికి సరిపడేలా చేర్చిన అదనపు ఫ్రేములు) విప్పి రెండూ ఒకే వేగానికి తెచ్చాను. ఇమేజ్ హ్యాష్‌తో (ప్రతి ఫ్రేము బొమ్మకూ తీసే చిన్న కోడ్‌తో) పోలిస్తే, పదేపదే వాడిన యుద్ధవిమానాల షాట్లు తప్పు చోట అతుక్కుంటున్నాయి.

షాట్ల వరుస తప్పకుండా జత కలిపి, కోసిన చోట్లకు టైమ్‌కోడ్ ఇచ్చే టూల్ గానీ పద్ధతి గానీ ఏది?