విజయవాడ–గుంటూరు ఫైబర్ రింగ్: రెండు దారులూ ఒకే వరదకు పోకుండా ఎలా?

సింగ్‌నగర్_నెట్: అజిత్‌సింగ్ నగర్ నుంచి గుంటూరుకు ఫైబర్ రింగ్ (ఒక దారి తెగినా రెండో దారిలో నెట్ నడిచేలా) డిజైన్ చేస్తున్నాం. ఒక దారి కనకదుర్గ వారధి మీదుగా, రెండోది ప్రకాశం బ్యారేజీ మీదుగా. 24 ఫైబర్ల ఆర్మర్డ్ కేబుల్, 40/33 మి.మీ. హెచ్‌డీపీఈ డక్ట్ (కేబుల్ వెళ్లే ప్లాస్టిక్ గొట్టం), 165 సెం.మీ. లోతు. 2024 సెప్టెంబరులో వచ్చినట్టు బుడమేరు మళ్లీ వస్తే ఇది నిలబడుతుందా?

ఓటీడీఆర్_గుంటూరు: కృష్ణా నది సంగతి తర్వాత అండీ, ముందు మీ ఎక్స్ఛేంజ్ గుమ్మం చూడండి. రెండు దారులూ ఒకే మ్యాన్‌హోల్‌లోంచి బయటికొచ్చి, బుడమేరును ఒకే చోట దాటుతుంటే అది రింగ్ కాదు, కాగితం మీద బొమ్మ. బిల్డింగ్ నుంచే రెండు వైపులా తీయండి.

ఇక వంతెనలు. వంతెన నిలబడుతుంది, దాని పక్క మట్టికట్ట కొట్టుకుపోతుంది. కేబుల్ తెగేది అక్కడే. అందుకే రెండు కొసల్లో చాంబర్ కట్టి 10–15 మీటర్ల లూప్ (చుట్టి ఉంచే అదనపు కేబుల్) వదలండి. వంతెన మీద కేబుల్ వెళ్లే జీఐ (ఇనుప) పైపును దిగువ వైపున బిగించండి. ఎగువన పెడితే గుర్రపుడెక్క, దుంగలు వచ్చి తగులుకుంటాయి. ఆ సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లనే దెబ్బతీశాయి, మన పైపు ఎంత?

బుడమేరు దగ్గర 165 సెం.మీ. చాలదు. హెచ్‌డీడీ (పైన తవ్వకుండా కాలువ కింద అడ్డంగా డ్రిల్లింగ్) చేయించండి. లోతు కాలువ అడుగు నుంచి లెక్కపెట్టాలి, రోడ్డు నుంచి కాదు. వరదకు అడుగు ఎంత కోసుకుపోతుందో ఇరిగేషన్ వాళ్లను అడిగి, దానికింకా కిందనే పోనివ్వండి. డ్రిల్లింగ్ గుంతలు కట్టకు బయటే తవ్వాలి, కట్టను కోయనివ్వరు.

స్ప్లైసింగ్_బెజవాడ: నీళ్లలో మునిగినంత మాత్రాన జెల్ కేబుల్ (నీళ్లు చొరకుండా లోపల జెల్ నింపింది) పోదు. పోయేది జాయింట్, కరెంటు. క్లోజర్ (జాయింట్‌ను మూసే డబ్బా) గ్యాస్కెట్ మీద ఇసుక రేణువు ఉన్నా నీళ్లు దిగుతాయి, మూసేముందు తుడవాలి. వాడని పోర్టులకు బిరడాలు, ఖాళీ డక్టులకు ఎండ్ ప్లగ్‌లు తప్పనిసరి. లేకపోతే బురద పేరుకుని మళ్లీ గాలి ఒత్తిడితో కేబుల్ లోపలికి ఊదలేరు. ఓఎల్టీ (ఇళ్లకు ఫైబర్ సిగ్నల్ పంపే ఎక్స్ఛేంజ్ పరికరం), బ్యాటరీలు, జనరేటర్ మూడూ పై అంతస్తులోనే. ఒక్కటి కింద ఉన్నా మిగతా రెండూ దండగ.

సింగ్‌నగర్_నెట్: రెండో దారిని స్తంభాల మీద ఏడీఎస్ఎస్ (లోహం లేకుండా తన బరువు తానే మోసే కేబుల్) వేస్తే?

ఓటీడీఆర్_గుంటూరు: వేయొచ్చు, నాకైతే అదే నచ్చుతుంది. వరద భూమిలోది తెంపుతుంది, తుపాను గాల్లోది పడగొడుతుంది. రెండూ ఒకేసారి పోయే అవకాశం తక్కువ. కాకపోతే చెట్లున్న వీధులు తప్పించండి.

స్ప్లైసింగ్_బెజవాడ: నీళ్లు తీశాక అసలు ప్రమాదం జేసీబీ. కట్ట పూడ్చేవాళ్లకు మీ డక్ట్ ఎక్కడుందో తెలియదు. 200 మీటర్లకో మార్కర్ రాయి పాతండి, పైన హెచ్చరిక టేపు వేయండి. ఏ చాంబర్‌లో ఎంత లూప్ ఉందో రాసి పెట్టుకోండి, ఓటీడీఆర్ (కాంతి పంపి లోపం ఎంత దూరంలో ఉందో చెప్పే పరికరం) చూపేది ఫైబర్ పొడవే, నేల మీది దూరం కాదు. 1310 నానోమీటర్ల కాంతి కంటే 1550లో లాస్ (సిగ్నల్ నష్టం) ఎక్కువ పెరిగితే ఫైబర్ ఎక్కడో వంగింది. నల్లరేగడి నేల కదిలినా ఇదే కనిపిస్తుంది. తెగకముందే వెళ్లి తవ్వి చూడండి.