కెర్నల్ ఏది వాడాలో మనమే చెప్పే వీలు పైటార్చ్‌లో లేదా?

గోదారిగట్టు:
పాత తెలుగు పుస్తకాల స్కాన్ల మీద ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలు చదివే) మోడల్‌ని పైటార్చ్ అనే న్యూరల్ నెట్‌వర్క్ లైబ్రరీతో ట్రైన్ చేస్తున్నాను. లైన్ ఇమేజ్ ఎత్తు ఎప్పుడూ 48 పిక్సెళ్లే, వెడల్పు మాత్రం ఏ లైనుది ఆ లైనుదే, పద్యపాదమైతే 500, వచనమైతే 1400 దాకా పోతుంది. ఎవరో చెప్పారని సీయూడీఎన్ఎన్ (జీపీయూ మీద కన్వల్యూషన్ లాంటి లెక్కలు చేసే ఎన్‌విడియా లైబ్రరీ) బెంచ్‌మార్క్ ఆన్ చేశాను. స్పీడ్ పెరగడం అటుంచి మొదటి ఎపాక్ (డేటా అంతా ఒక విడత) నత్తనడక. ఆఫ్ చేస్తే మళ్లీ మామూలే. ఈ లేయర్‌కి వినోగ్రాడ్, ఆ లేయర్‌కి ఇంప్లిసిట్ జెమ్ (రెండూ ఒకే కన్వల్యూషన్‌ని వేర్వేరుగా లెక్కగట్టే కెర్నల్స్, అంటే జీపీయూ కోడ్ ముక్కలు) అని నేనే చెప్తానంటే వినే దారి లేదా? ఇల్లంతటికీ ఒకటే స్విచ్ పెట్టినట్టుంది.

వార్ప్32:
నత్తనడకకి కారణం మీ వెడల్పులే అండీ. బెంచ్‌మార్క్ అంటే కొత్త షేప్ (ఇన్‌పుట్ కొలతలు) వచ్చిన ప్రతిసారీ కొన్ని అల్గారిథమ్‌లు నిజంగా నడిపి, టైమ్ చూసి, గెలిచినదాన్ని ఆ షేప్ పేరున దాచుకోవడం. డిఫాల్ట్‌గా 10 దాకా ప్రయత్నిస్తుంది, బెంచ్‌మార్క్ లిమిట్ సున్నా పెడితే ఉన్నవన్నీ. మీకు దాదాపు ప్రతి బ్యాచ్ కొత్త షేపే, అంటే పోటీలు పెట్టడమే తప్ప గెలిచినదాన్ని వాడుకునేది ఎప్పుడు? వెడల్పుని 64 గుణిజాలకి ప్యాడ్ చేయండి (పక్కన ఖాళీ చేర్చండి), 512 నుంచి 1408 దాకా మొత్తం 15 సైజులే వస్తాయి. సీటీసీ లాస్‌కి (లైన్ ఇమేజ్‌కీ అక్షరాల వరసకీ పొత్తు చూసి తప్పు కొలిచే ఫంక్షన్) మాత్రం ప్యాడింగ్ కలపని అసలు పొడవు ఇవ్వండి. చివర్లో మిగిలే చిన్న బ్యాచ్ కూడా కొత్త షేపే, దాన్ని వదిలేయండి.

పాతకాపు:
మీరు అడిగింది ఒకప్పుడు ఉండేది. థియానో అనే పాత లైబ్రరీలో కాన్ఫిగ్ ఫైల్లోనే కన్వల్యూషన్ అల్గారిథమ్ పేరు రాసేవాళ్లం, స్మాల్, లార్జ్, ఎఫ్ఎఫ్‌టీ అని. పేరు రాయకపోతే 'టైమ్ వన్స్', 'టైమ్ ఆన్ షేప్ చేంజ్' అని కూడా పెట్టొచ్చు, ఇప్పటి బెంచ్‌మార్క్ ఈ రెండోదే. ఎంఎక్స్‌నెట్ అనే ఇంకో లైబ్రరీ అయితే ఏకంగా లేయర్‌కే ఒక ఆర్గ్యుమెంట్ ఇచ్చింది: ఆఫ్, లిమిటెడ్ వర్క్‌స్పేస్, ఫాస్టెస్ట్. నాకైతే అదే నచ్చింది, మెమరీ ఎంత తినాలో చెప్తాం, అల్గారిథమ్‌ని లైబ్రరీయే వెతుక్కుంటుంది. ఆ రెండు ప్రాజెక్టులూ ఇప్పుడు లేవు, అది వేరే బాధ.

రాత్రిషిఫ్ట్:
పేరు పెట్టి బిగించడం మంచిది కాదని నా మాట, ఎందుకంటే నేను చేసి చూశాను. ఏ100 (ఎన్‌విడియా జీపీయూ కార్డు) మీద ఎస్‌డీపీఏ (పైటార్చ్‌లో అటెన్షన్ లెక్క చేసే ఫంక్షన్) కెర్నల్ బ్లాక్‌లో ఫ్లాష్ అటెన్షన్ ఒక్కటే అనుమతించి కోడ్ రాశాను, అద్భుతంగా నడిచింది. అదే కోడ్ టీ4 కార్డు మీదకి వెళ్లగానే 'నో అవైలబుల్ కెర్నల్' అని పడిపోయింది, అదీ అర్ధరాత్రి. పైటార్చ్ 2.2 వెర్షన్ నుంచి ఫ్లాష్‌కి యాంపియర్ తరం లేదా ఆ తర్వాతి కార్డు ఉండాలి, టీ4 దానికి ముందరి ట్యూరింగ్ తరానిది. లిస్టులో ఎఫిషియెంట్ అటెన్షన్ కూడా చేర్చితే సరిపోయింది. కొత్త వెర్షన్లలో ఆ లిస్టు వరసనే ప్రయారిటీగా తీసుకోమనొచ్చు. "ఇది ముందు, కుదరకపోతే అది" అనగలిగితే నాకు చాలు.

వార్ప్32:
లేయర్ వారీగా కావాలంటే ఒక దొడ్డిదారి ఉంది. సీయూడీఎన్ఎన్ ఫ్లాగ్స్ అనే ఫంక్షన్‌ని విత్ బ్లాక్‌గా వాడి ఆ ఒక్క లేయర్ చుట్టూ బెంచ్‌మార్క్ ఆపొచ్చు. రెండు గుంటలున్నాయి చూసుకోండి. 'ఎనేబుల్డ్' డిఫాల్ట్ ఫాల్స్, ట్రూ అని రాయకపోతే సీయూడీఎన్ఎన్ మొత్తమే ఆగిపోతుంది. రెండోది, బ్యాక్‌వర్డ్ (గ్రేడియెంట్లు లెక్కగట్టే దశ) ఆ బ్లాక్ బయట నడుస్తుంది కాబట్టి దానికి పాత సెట్టింగే.

గోదారిగట్టు:
అందరికీ థ్యాంక్స్. 64 ప్యాడింగ్ పెట్టాక మొదటి కొన్ని నిమిషాలే తడబడింది, తర్వాత బెంచ్‌మార్క్ ఆఫ్ కంటే స్పష్టంగా ఫాస్ట్. ఫ్లాగ్స్ గుంటలో మాత్రం సరిగ్గా పడ్డాను, మీ రెండో పోస్టు చూడకముందే ప్రయోగం చేశా. ఇంకో సంగతి, సీడ్ ఒకటే పెట్టినా రెండు రన్నుల్లో లాస్ నాలుగో దశాంశంలో తేడా వస్తోంది. ఇదీ బెంచ్‌మార్క్ పనేనా?

వార్ప్32:
అయ్యుండొచ్చు. టైమింగ్ కొంచెం అటూ ఇటూ అయితే ఒక రన్‌లో ఒకటి గెలుస్తుంది, ఇంకో రన్‌లో ఇంకోటి, కూడికల వరస మారుతుంది. పోల్చి చూసేటప్పుడు బెంచ్‌మార్క్ ఆపి డిటర్మినిస్టిక్ (ప్రతిసారీ ఒకే ఫలితమిచ్చే అల్గారిథమ్‌లే వాడమనే సెట్టింగ్) ఆన్ చేయండి, స్పీడ్ తగ్గితే తిట్టుకోకండి.