ఆల్ఫా-గాల్ పాజిటివ్ వస్తే చాలు, మాంసం మానేయాల్సిందేనా?

అడవిదారి:
మా తమ్ముడు వర్జీనియాలో ఉంటాడు. వారాంతం వస్తే కొండలెక్కడమే పని. పిడుదులు చాలాసార్లు కుట్టాయి. పోయిన నెల రక్తపరీక్షలో ఆల్ఫా-గాల్ పాజిటివ్ వచ్చింది. అంటే ఆ పిడుదులు కుట్టడం వల్ల, ఆవు, మేక, పంది లాంటి జంతువుల మాంసంలో ఉండే ఆల్ఫా-గాల్ అనే ఒక రకం చక్కెరకు ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యాయన్నమాట. డాక్టర్ రెడ్ మీట్ మానేయమన్నారు, పాలు కూడా. వాడేమో ఇన్నాళ్లూ తింటూనే ఉన్నాడు, ఏమీ కాలేదు. యాంటీబాడీ ఉండటం వేరు, అలర్జీ ఉండటం వేరు. కాగితం మీద పాజిటివ్ చూసి తిండి కట్టడి చేయడం సరికాదని నా వాదన.

నీలికలువ:
అడవిదారి గారూ, ఆ "ఏమీ కాలేదు" అన్న మాటనే నేను నమ్మను. నేనూ అలాగే అనుకునేదాన్ని. రాత్రి ఎనిమిదింటికి తిని పడుకుంటే ఒంటిగంటకు అరచేతులు, అరికాళ్లు ఒకటే దురద. లైట్ వేసి చూస్తే పొట్ట నిండా దద్దుర్లు. లోపల మెలిపెట్టే నొప్పి. మూడోసారి బాత్రూం గడప దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాను. అప్పటిదాకా సబ్బు మార్చాను, దుప్పట్లు మార్చాను, ఐదు గంటల కిందట తిన్నదాని మీదికి మనసే పోలేదు. వేరుశెనగ పడనివాళ్లకు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇది మామూలుగా 2 నుంచి 6 గంటలు ఆగి వస్తుంది. పైగా తిన్న ప్రతిసారీ రాదు. కొవ్వు ముక్కలు, మద్యం, తిన్నాక వ్యాయామం తోడైతే వచ్చే అవకాశం పెరుగుతుంది. 2022లో అమెరికాలో వైద్యం చేసేవాళ్లను అడిగితే 42 శాతం మంది దీని పేరే వినలేదన్నారు. ఇక మనకెలా తెలుస్తుంది?

అడవిదారి:
మీరు పడ్డ బాధ కాదనను. అయినా పాజిటివ్ వచ్చి ఏ లక్షణమూ లేనివాళ్లు చాలామందే ఉన్నారు. ఒట్టి పరీక్షతో జబ్బు ఉందని తేల్చలేం. ఈ జబ్బున్న వాళ్లలోనే చాలామందికి పాలు పడతాయి. మరి వాడికెందుకు మాన్పించడం?

పాతమిత్రుడు:
తిండి సరే, మందుల సంగతి చూడండి. అసలిది బయటపడిందే సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు దగ్గర. మొదటి డోసుకే కొందరికి ప్రాణం మీదికి వచ్చింది, అదీ ఎక్కువగా అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో. ఆ మందులో ఈ చక్కెరే ఉందని, వాళ్ల ఒంట్లో యాంటీబాడీలు ముందే ఉన్నాయని 2008లో అలర్జీ పరిశోధకుడు థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం చూపించింది. కాబట్టి మాంసం తిన్నా మానినా, ఆపరేషన్‌కు ముందు ఈ రిజల్ట్ డాక్టర్‌కి చెప్పి తీరాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, మందుల గొట్టాల్లో వాడే జెలటిన్, గుండెకు అమర్చే పంది కవాటాలు, అన్నీ జంతువుల నుంచి వచ్చేవే. ఇంకో మాట, మళ్లీ కుట్టనివ్వకూడదు. కొన్నేళ్లు కుట్టకపోతే చాలామందిలో యాంటీబాడీలు తగ్గుతాయి. కొండకి వెళ్లేటప్పుడు ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోమనండి.

నీలికలువ:
పాల విషయంలో అడవిదారి గారి మాటే నాదీ, నేనూ తాగుతున్నాను. కానీ తమ్ముడిని "తిన్నాక ఏమైనా అయిందా" అని అడక్కండి. "అర్ధరాత్రి ఎప్పుడైనా దురదతో లేచావా" అని అడగండి.

అడవిదారి:
అడిగాను. ఆగస్టులో రెండుసార్లు లేచాడట. నల్లులనుకుని పరుపు మార్చాడట. ఆ రాత్రులు ఏం తిన్నాడో గుర్తు లేదంటున్నాడు. అలర్జీ డాక్టర్‌ని కలిసేదాకా రెడ్ మీట్ ఆపమని ఇప్పుడే ఫోన్లో చెప్పాను.