"లా వొక్కింతయు లేదు" పద్యంలో "ఇతఃపరం" అంటే ఏమిటి?

నాన్నగారికి ఆపరేషన్ జరిగి పదకొండు రోజులైంది. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని అమ్మ రోజూ గజేంద్రమోక్షంలోని ఈ పద్యమే చదువుకుంటోంది:

లా వొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యెఁ, బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చెఁ, దనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్,
నీవే తప్ప నితఃపరం బెఱుఁగ, మన్నింపందగున్ దీనునిన్,
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!

నిన్న మా చెల్లి కూతురు "అమ్మమ్మా, ఏనుగుకి లావు లేకపోవడమేంటి?" అని అడిగింది. నాకేమో "ఇతఃపరం" దగ్గర సందేహం. "ఇతరులెవరూ నాకు తెలియదు" అనేనా అర్థం? పెద్దలెవరైనా చెప్పగలరు.

జవాబు

పాప సరైన చోటే పట్టుకుందమ్మా. పాత తెలుగులో లావంటే బలం. సుమతీ శతకంలో "లావుగలవానికంటెను భావింపఁగ నీతిపరుఁడు బలవంతుండౌ" అని ఉంది కదా, అక్కడా ఇదే లావు. ఆ పద్యంలోనూ కొండంత ఏనుగు మీద మావటివాడు ఎక్కుతాడు. పాపకి అది కూడా చెప్పండి, గుర్తుండిపోతుంది.

ఈ ఏనుగు మామూలుగా అలసిపోయింది కాదు. అంతకుముందే పోతనగారు "అలయక సొలయక" అంటూ మొదలుపెట్టి, మకరితో వెయ్యేళ్లు పోరాడిందని చెప్పారు. అంత పోరాడాక వచ్చిన మాట ఇది. చేతనైనదంతా చేశాకే ఈ మొర.

ఇక పద్యంలో క్రియలు చూడండి. "లేదు" అన్నది ఒక్క లావునే. ధైర్యం లేదనలేదు, "విలోలంబయ్యె" అన్నాడు. విలోలమంటే చలించేది, ఊగేది. ధైర్యం ఊగుతోందే గాని పోలేదు. ప్రాణాలు కూడా పోలేదు, ఠావులు తప్పాయి, అంటే ఉండాల్సిన చోటు నుంచి జారాయి. చదివేటప్పుడు చాలామంది "ధైర్యం పోయింది" అని అర్థం చెప్పేస్తారు. నాకది బాధగా ఉంటుంది. కవి అంత జాగ్రత్తగా మిగిల్చినదాన్ని మనం తుడిచేస్తున్నాం.

మీరడిగిన మాటకి వస్తాను. "ఇతః" అంటే ఇక్కడి నుంచి, "పరం" అంటే అవతలిది. "ఎఱుఁగ" అంటే ఎరగను. వేరే దిక్కు ఎరగనని అందరూ చెప్పే అర్థం తప్పు కాదు. కానీ నేను చదువుకునేది ఇలా: నువ్వున్నావన్నంత వరకే నాకు తెలుసు, దీని అవతల ఏముందో తెలియదు. రేపు ఏమవుతుందో గజేంద్రుడికి తెలియదు. తెలిసినట్టు నటించనూ లేదు.

ఇంకో సంగతి. "ఠావుల్ దప్పెను", "నీవే తప్ప". రెండు చోట్లా ఉన్నది ఒకే "తప్పు" ధాతువు. ఒక పాదంలో ప్రాణాలు తప్పుతున్నాయి, తర్వాతి పాదంలో తప్పకుండా నిలిచింది నీవొక్కడివే. ఈ పద్యం ఎన్ని వందలసార్లు చదివానో, ఇది మాత్రం చాలా ఆలస్యంగా కనిపించింది.

మరో సభ్యురాలు

దీనికి ముందు వచ్చే కంద పద్యం కూడా చూడాలి. "కలఁడందురు దీనుల యెడ" అని మొదలై "కలఁడు గలండనెడువాఁడు గలఁడో లేఁడో" అని ముగుస్తుంది. అక్కడ దేవుడు "వాడు", ఉన్నాడని ఎవరో అంటున్న మాట. ఇక్కడికి వచ్చేసరికి "నీవే", "రావే". అనుమానం తీరాక పిలిచాడనుకోను. అనుమానపడిన నోటితోనే పిలిచాడు. మా అబ్బాయి ఉద్యోగం పోయి టెన్షన్‌లో ఉన్న రోజుల్లో నాకు ఆ కందమే ఎక్కువ తోడుంది.

మరి "మన్నింపందగున్" అంటే క్షమించమనేనా?

జవాబు

ఇప్పటి వాడుకలో మన్నించడమంటే క్షమించడమే. పాత అర్థం ఆదరించడం, గౌరవించడం. "మన్ననలు పొందాడు" అన్నప్పుడు అది ఇంకా బతికే ఉంది. నేను దీనుణ్ణి, నన్ను ఆదరించడం నీకు తగును అంటున్నాడు. తప్పు చేసి తల దించుకున్నవాడి మాటలా నాకు వినిపించదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారం. విలోలమంటే పోవడం కాదని ఇందాక అమ్మకి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే నాదీ ఇంకా ఉందన్నమాట" అంది. సాయంత్రం ఐదింటికి ఒక్కరిని లోపలికి పంపిస్తారు. ఇవాళ తనే వెళ్లి, నాన్న చెవి దగ్గర చివరి పాదం మాత్రం చదువుతానంటోంది.