కెనడాలో ఊర్లకూర్లు ఎట్ల మాయమైనాయన్నా?

అన్నా, మాది చిత్తూరు. తమ్ముడు కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రంలో ఉండాడు, నిన్న వీడియో కాల్‌లో పాడుబడిన ఊరు చూపించినాడు, కనుచూపు మేర గోధుమ చేనే, గడ్డిలో సిమెంటు మెట్లు మాత్రం ఉండాయి, ఇల్లు లేదు. మనసు ఒకమాదిరి అయిపోయింది. ఊరంతా ఎట్ల పోయింది?

> రైలు పోతే ఊరు పోయింది బ్రదర్. రైలు పట్టాల పక్కనే, గుర్రపు బండ్లో గింజలు తోలి సాయంత్రానికి ఇల్లు చేరే దూరానికొక ఎలివేటర్, అంటే గింజలు నిలవజేసే పొడుగాటి చెక్క గోడౌను, దాని చుట్టే ఊరు. లారీలొచ్చినాక అన్నన్ని ఎలివేటర్లు అక్కర్లేకపోయె. గింజల రైలు చార్జీ సబ్సిడీ 1995లో ఎత్తేసినాక బ్రాంచి లైన్లు ఇంకా మూతపడినాయి.

> 1930ల కరువు కూడా ఉంది కదా, దుమ్ము తుఫాన్లకు చేలొదిలి వలస పోయినారు పాపం.

> మాది పీలేరు పక్కన, మా అవ్వోళ్ల పల్లెలో బోర్లెండి అందరూ బెంగళూరు పోయినారు, చింతచెట్టు, రోలు మిగిలినాయి. అక్కడ ఇండ్ల దగ్గర లైలాక్ అనే పూల పొదలంట, ఇల్లు కూలినా ఏటా పూస్తాయి. మీ తమ్మున్ని ఆ మెట్ల పక్కన చూడమను.