వామన చరిత్రలో బలిది తలరాతా, సొంత నిర్ణయమా?

పాలపిట్ట: పోతన భాగవతం అష్టమ స్కంధం మళ్లీ చదువుతున్నాను. దేవతల తల్లి అదితి, పాలు మాత్రమే తాగుతూ చేసే పయోవ్రతం చేసింది, హరి ఆమె కడుపున పుట్టాడు. ఇంద్రుడి రాజ్యం ఇంద్రుడికి చేరాలని అప్పుడే తేలిపోయింది. ఇక బలి మూడడుగులు ఇస్తేనేం, ఇవ్వకపోతేనేం? రాసిపెట్టి ఉన్నదానికి అతణ్ణి అంతగా మెచ్చుకోవడం ఎందుకు?

గోదారిగట్టు: నేను ఒప్పుకోను పాలపిట్ట గారూ. శుక్రాచార్యుడు వచ్చినవాడు విష్ణువని చెప్పి ఊరుకోలేదు, తప్పించుకునే దారి కూడా చూపించాడు. "వారిజాక్షులందు వైవాహికములందు" పద్యం మనలో చాలామందికి నోటికి వచ్చిందే. ప్రాణం, విత్తం, మానం పోయే వేళ బొంకినా పాపం అంటదని సాక్షాత్తూ గురువే సెలవిచ్చాడు. బలి ఇస్తానన్నాడు గానీ ధార ఇంకా పోయలేదు. వెనక్కి తగ్గితే తప్పుపట్టేవాళ్లు లేరు.

అప్పుడన్నాడు "కారే రాజులు" అని. వాళ్లంతా ఏరీ, సిరి మూటగట్టుకుని పోగలిగారా అని గురువునే అడిగాడు. అక్కడితో ఆగలేదు. నరకమైనా, బంధనమైనా, రాజ్యం పోయినా, దుర్మరణమైనా, కులం అంతరించినా సరే రానిమ్మని ఒక్కొక్కటే పేరుపెట్టి చెప్పి, "తిరుగన్ నేరదు నాదు జిహ్వ" అన్నాడు. ఏం పోతుందో పూర్తిగా తెలిసి ఇచ్చినవాడు! భర్త సన్న గ్రహించి వింధ్యావళి బంగారు కలశంతో నీళ్లు తెచ్చిందని రాశాడు పోతన. ఆ ఇంట్లో ఇంకొకరు కూడా తెలిసే సిద్ధపడ్డారని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. రాజ్యం ఎలాగూ పోయేదే కావచ్చు. బొంకి పోగొట్టుకోవాలా, ఇచ్చి పోగొట్టుకోవాలా అన్నది మాత్రం బలి చేతిలోనే ఉంది.

కాగడా: ఆ మనసు మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్రహ్లాదుడి మనవడు. ఆ పుట్టుక తను ఎంచుకున్నది కాదు కదండీ.

గోదారిగట్టు: అదే మనవడు కాగడా గారూ, అంతకుముందు స్వర్గం మీదికి దండెత్తి దేవతల్ని వెళ్లగొట్టాడు. వంశమే అన్నీ చేయిస్తే రెండూ ఒకే మనిషి ఎలా చేశాడు?

పాలపిట్ట: దండయాత్ర సంగతి సరే, మరి చివరికి బలిని కింది లోకాల్లో ఒకటైన సుతలానికి పంపడం? అదీ హరి నిర్ణయమేగా?

గోదారిగట్టు: హరి నిర్ణయమే, కానీ బలి మాట తప్పకపోవడం చూశాక. సావర్ణి మన్వంతరంలో, అంటే రాబోయే మనువు కాలంలో, ఇంద్రుడవుతాడని చెప్పిందీ ఆ తర్వాతే.